ఏడిళ్ల తిథులు

మీ వివరాలు మేమే చూడలేం అంటాడు, చూడలేనివాడు ఇంక కాపలా ఏం కాస్తాడు అనుకుంటూ పురోహితుడు సేతుమాధవరావు ఎమ్మిగనూరు బస్సులో ఫోన్ తెరిచి కొత్త యాప్ షరతుల్లోని ఆ వాక్యాన్ని మూడోసారి చదువుకున్నాడు, మీ ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ నంబర్లు, తేదీలు ఒక్కటిగా ఉంచుతాం, తాళంచెవి మీ దగ్గరే అని రాసుకున్నాడు ఎవడో, యాప్ ఊరకే ఇచ్చేవాడు మన వివరాలు అమ్ముకుంటాడు సరే, డబ్బు తీసుకునేవాడు అమ్ముకోడని ఏం నమ్మకం, ఒప్పుకుంటానని నొక్కప్పా, మిగతాది నేను చూసుకుంటా అని పొద్దున ఉప్పిట్టు తింటుంటే కూతురు అక్షత చెప్పింది, పోయినేడూ అదే చూసుకుంది, తను పంచాంగం చూసి మూడొందల ఇళ్ల తద్దినాలకు ఇంగ్లీషు తేదీలు చెబుతుంటే ఫోన్‌లో టకటకా కొట్టి, ప్రతి ఏడూ గుర్తుచేయమని నొక్కేసింది, పాత పుస్తకం అటకెక్కింది.

అప్పటినుంచే పట్టింది శని, ఏడిళ్లు జారిపోయాయి, తను ఫోన్ చేసేసరికి అయిపోయింది స్వామీ అంటారు, చేయించింది ఎమ్మిగనూరు సుధన్వ, నిన్నగాక మొన్న జంధ్యం వేసుకున్నవాడు, వాడికి తిథులెవరిచ్చారు, ఇప్పటి యాప్ ఊరకే ఇచ్చే కంపెనీవాడా, ట్యాబ్ బాగుచేసిన అంగడివాడా, ఇంటి గుట్టు బయటపడనిదే లంక చెడుతుందా, ఇవాళ తేల్చుకోవాల్సిందే అని దిగి నేరుగా ఆ ఏడిళ్లలో ఒకరైన జనార్ధన్ శెట్టి ధాన్యం అంగడికి నడిచాడు, సుధన్వకు మీ నాయన తిథి ఎవరు చెప్పినారని అడిగితే శెట్టి నొచ్చుకుంటూ, ఎవరూ సెప్పలేదు స్వామీ, మేమే పిలుచుకున్యాం, తిథి పోయిన పదకొండు దినాలకు మీరు ఫోన్ చేసినారు, పెద్దోళ్లని ఏమీ అనలేకపోయినాం అన్నాడు.

పదకొండు దినాలు, తిథి ఏడాదికి పదకొండు దినాలు వెనక్కి జరిగితే ఫోన్ మాత్రం పోయినేటి తేదీ పట్టుకుని కూర్చుంది, ఎంత తెలివితక్కువవాణ్ని, పంచాంగం చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ని, ఏడిళ్లవాళ్లూ పరువు కాపాడి ఊరుకున్నారు, తను ఆ పిల్లగాణ్ని దొంగను చేశాడు, అవునూ తన నాయన తద్దినం, ఫోన్ తీసి చూస్తే ఇంకా పదకొండు దినాలుంది, అంటే ఇవాళే, పొద్దున సంధ్యావందనంలో మాఘమాసే కృష్ణపక్షే పంచమ్యాం తిథౌ అని సంకల్పం చెప్పింది తన నోరే, అదే నోటితో, పస్తుండాల్సిన పూట, భార్య అంబాబాయిని ఇంకాస్త ఉప్పిట్టు పెట్టమన్నాడు, ఎవడు చూస్తాడో, ఎవడు చూస్తాడో అని ఇన్నాళ్లూ హడలి చచ్చాడు, చూడాల్సినవాడు తనొక్కడే, తనే చూడలేదు.