రెండో పుల్ల

డబ్బా మూత చుట్టూ రబ్బరు సుత్తితో కొట్టుకుంటూ వస్తున్నాడు రంగులాయన. టక్, టకటక్, టక్. తాళం వెయ్యకుండా ఊరికే కొట్టినా మూత బిగుసుకుంటుంది. కానీ ఆయన చేతులు ఊరుకోవు. పెయింట్ల షాపుకి వచ్చినవాళ్ళు నవ్వుకుంటారు, ఆయన పట్టించుకోడు.

తరవాత ఇంకో డబ్బా తెరిచి, చుక్కలు చుక్కలుగా నీలం వేసి, కలపడానికి ఎప్పటి పుల్లే తీశాడు. ఏళ్ళ తరబడి రంగులు పొరలుగా పేరుకుని అది మొక్కజొన్న పొత్తంత లావయింది. ఒకప్పుడు దాంతో డ్రమ్ములు వాయించాడంటే ఎవరూ నమ్మరు.

నలుగురు కుర్రాళ్ళు, అరువు గిటార్లు, ఒక కారు షెడ్డు. ఆ రాక్ బ్యాండు నడిచింది ఒక్క వేసవి. పాడేవాణ్ణి అందరూ 'గొంతు' అనేవారు, ఈయన్ని 'దడదడ' అనేవారు. ఎవరి పరపతి ఎంతో అక్కడే తెలిసిపోతోంది. గొంతు తుమ్మినా చప్పట్లే. ఉన్న ఒక్క ఫొటోలోనూ దడదడ మొహానికి గొంతు భుజం అడ్డొచ్చింది, ఒక చెవి మాత్రం కనిపిస్తుంది. దడదడకి లోపల పుట్టినదాన్ని అసూయ అని మర్యాదగా అనడం దేనికి, శుద్ధ కుళ్ళు.

కాలేజీ వార్షికోత్సవానికి పాడమన్నారు. తను కాకపోయినా తన పుల్లలైనా జనం కంట పడాలని, దడదడ వాటికి ముందురోజు బాగా వార్నిష్ పూశాడు. మెరవడం మెరిశాయి. చెమట పట్టేసరికి ఒకటి చేతిలోంచి జారి, గాల్లో గిరికీలు కొట్టి జనంలో పడింది. గొంతు వెనక్కి తిరిగి చూసి మైకులోనే పకపకా నవ్వాడు. హాలంతా నవ్వింది. దడదడ మిగిలిన పుల్ల పట్టుకుని స్టేజి దిగిపోయాడు. బ్యాండు అంతటితో సరి.

గొంతు వేరే ఊరు వెళ్ళిపోయాడు. పెద్ద హోటళ్ళలో పాడుతున్నాడని ఎవరో అన్నారు. అది చాలు, ఈయన ఊహలోనే వాడికి తెల్ల సూటు కుట్టించాడు, చుట్టూ దీపాలు పెట్టించాడు. భార్య కూనిరాగం తీసినా "వాడి పాటేనా?" అని మొహం మాడ్చుకునేవాడు. వాడు ఏనాటికైనా ఈ షాపు మెట్లెక్కితే అనాల్సిన మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు: "ఇప్పుడు నవ్వరా."

మధ్యాహ్నం ఒకావిడ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"దడదడ అంటే మీరేనాండీ?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఆ పేరు మీకెవరు చెప్పారమ్మా?"

"మా అన్నయ్య. మీరంతా గొంతు అనేవారట."

"వచ్చాడా?" గుమ్మం వైపు చూస్తూ చొక్కా సర్దుకున్నాడు.

"పోయిన నెల పోయాడండీ."

రంగులాయన ఖాళీ డబ్బా బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఎలా పోయాడని అడగాల్సింది పోయి, "ఏ హోటల్లో పాడేవాడు?" అన్నాడు.

"హోటలా? పార్సిల్ ఆఫీసులో తూకాలు వేసేవాడు. అన్నయ్య పాడగా మేమెవరమూ వినలేదు. అడిగితే, 'నా నవ్వుకి ఒకడు వాయించడం మానేశాడే. ఇంకేం పాడను?' అనేవాడు."

"మరి ఒక్కసారైనా రాలేదేం?"

"ఈ ఊళ్ళో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇక్కడికీ వచ్చేవాడు. ఎదురుగా ఆ టీకొట్టు దగ్గర నిలబడి, మీరు మూతలు కొడుతుంటే విని వెళ్ళిపోయేవాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు."

ఆవిడ సంచిలోంచి ఒక గుడ్డ తీసి మడతలు విప్పింది. లోపల పుల్ల ఉంది. ఆ రోజు జనం కాళ్ళ మధ్య వెతికి తెచ్చుకున్నాడట. దానిమీద గీత కూడా పడలేదు. రంగులాయనకి ముందు ఏడుపు రాలేదు, మళ్ళీ ఆ పాత కుళ్ళే వచ్చింది. నా పుల్లని నాకంటే బాగా చూసుకున్నాడు, ఇందులోనూ వాడే గెలిచాడు.

"వెధవ," అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆవిడ వెళ్ళాక ఇంకా చాలా డబ్బాలు మూయాల్సి వచ్చింది. సుత్తి ముట్టుకోకుండా అరచేత్తో నొక్కి మూశాడు. రోడ్డవతల టీకొట్టు వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు గానీ చూస్తూనే ఉన్నాడు.

షట్టర్ దించేటప్పటికి బల్లమీద రెండు పుల్లలూ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి రంగులు పేరుకుని మొద్దుబారింది. రెండోదాని మీద వార్నిష్ ఇంకా మెరుస్తోంది.