బ్లాజెక్ బేకరీ గోడ

కొలాచీలనే తీపి రొట్టెల పిండిముద్దల్లో బొటనవేలితో గుంటలు చేసి పళ్ళ గుజ్జు నింపుతోంది విల్మా. బయట డబడబా చప్పుడు. పక్క చెప్పుల కొట్టువాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట తన బేకరీ గోడకు కొట్టిన రేకుల్ని పనివాళ్ళు ఊడదీస్తున్నారు. చేతులు తుడుచుకోకుండానే బయటికి నడిచింది.

హైవే పక్కన పెద్ద దుకాణాలు వచ్చాక పడుకున్న వీధి ఇప్పుడు లేచి ఒళ్ళు విరుచుకుంటోంది. బ్యాంకు భవనంలో యోగా నేర్పుతున్నారు, మందుల షాపులో కాఫీ అమ్ముతున్నారు. పాత గోడరాతలకు కొత్త రంగు వేయిస్తామంది ఊరి కమిటీ. మొదటిది ఈ గోడే.

పెళ్ళైన ఏడాదే ఎమిల్ ఆ రాత చూపించాడు. "చూడవే, ఎమిల్, విల్మా అని రాయించాను." అత్తగారు వంత పాడింది. "గోడెక్కావు, ఇంకేం కావాలమ్మా నీకు?" నిజమే, ఇంకేం కావాలి? ఇరవై ఏళ్ళు ఆ పేరు చూసుకుంటూ పిండి పిసికింది. రేకులు పడ్డాక, వెనకుందిలే అనుకుంటూ పిసికింది. కూతుళ్ళిద్దరినీ చదివి చెప్పమనలేదు, మొగుడి మాటకు సాక్ష్యమెందుకని. అక్షరాలు నేర్పమంటే, "నీ చేతుల్లో ఉన్న విద్య చాలదా?" అనేవాడు ఎమిల్. మెచ్చుకుంటున్నాడనుకుని మురిసిపోయేది. అతను పోయాక, డెబ్బయ్యో ఏట, గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకుంది.

ఆఖరి రేకు ఊడింది. విల్మా పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది. "బ్లాజెక్... అండ్... సన్స్."

మొగుడి ఇంటిపేరు, ఆ వెంట కొడుకులు. మళ్ళీ చదివింది. మారలేదు. కడుపులోంచి నవ్వు పుట్టుకొచ్చింది. "ఓరి నీ దుంపతెగ, ఎమిల్! పుట్టని కొడుకుల్ని గోడెక్కించి, నన్ను పిండిలో ముంచావా!"

కమిటీ పెద్ద హాస్ కాగితం చాపాడు. "విల్మా గారూ, ఒప్పుకున్నట్టు ఇక్కడ సంతకం బదులు ఎప్పట్లాగే అడ్డగీతలు గీసేయండి, చాలు."

"చదవనివ్వండి."

మొత్తం చదివింది. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"నా పేరు కూడా గోడ మీదుంటేనే సంతకం."

"అదెలా కుదురుతుందండీ? ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. అదే చరిత్ర."

"అయితే ఆ కొడుకుల్ని పట్టుకురండి. రేపటి కొలాచీలు వాళ్ళే చేస్తారు."

నిచ్చెన మీదున్న రంగులమ్మాయి ట్రూడీ పకపకా నవ్వింది. హాస్‌కీ నవ్వు ఆగలేదు. "సరే, మీ గోడ, మీ ఇష్టం."

"అయితే ఇలా ఇవ్వవే ఆ కుంచె," అంది విల్మా. పిండి చేత్తోనే, కొడుకుల కింద, చెయ్యి అందినంత ఎత్తులో తన పేరు, ఐదు ఇంగ్లీషు అక్షరాలు రాసింది.

ట్రూడీ గొంతు తగ్గించింది. "మామ్మగారూ, డబ్ల్యూ తలకిందులై ఎమ్ అయింది. మిల్మా అయిపోయారు. దిద్దేయనా?"

గ్రంథాలయం తరగతిలోనూ ఎప్పుడూ ఇదే తప్పు. విల్మా రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, తనివితీరా చూసుకుంది.

"వద్దు. ఉన్నది ఉన్నట్టే ఉంచాలట. అదే చరిత్ర."