రాజుగారు పెట్టిన ఆదరణ కూడిక

దానం బాబాయి చెయ్యి పీచు మిషను లాక్కున్నప్పుడు, నేను అమ్మకి అన్నం పట్టుకెళ్ళి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. తిరిగే ఇనప పళ్ళ మీద ఉండాల్సిన రేకు గోడకి ఆనించి ఉంది. రేకుంటే కొబ్బరి డొక్కలు మెల్లగా వెళుతున్నాయని నెల కిందట మేస్త్రీ అబ్బులే దాన్ని ఊడదీయించాడు. మోటారు ఆపేసరికే బాబాయి ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం అమ్మ మర్చిపోయిన గిన్నె కోసం మళ్ళీ వెళ్ళాను. రేకు మిషను మీద ఉంది. కొత్త బోల్టులు మెరుస్తున్నాయి.

నేను పదో తరగతి చదువుతున్నాను గాని నలుగురిలో నోరు పెగలదు. ఆ బోల్టుల సంగతి డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీ యజమాని ముత్యాలరాజు గారు కొత్త మనిషైపోయారు. శవపెట్టెకి తన తోటలోని పనసచెక్క ఇచ్చారు. అందరికీ రెండు రోజులు సెలవన్నారు. దానం భార్య సరోజిని పిన్నికి బియ్యం బస్తా పంపారు. ఎప్పుడూ మా పేట మలుపులోనే కారాపి హారను కొట్టించే మనిషి, నడిచి వచ్చి పిన్ని అరుగు మీద కూర్చున్నారు.

"బస్తా ఇప్పేవా?" అని అమ్మ అడిగింది.

"లేదక్కా. ముట్టుకోడానికే భయవేస్తంది. మా పాపకి జొరవొచ్చి ఒక్కపూట సెలవడిగితే కసిరి పంపేసేరు. ఇప్పుడు నా పక్కన కూకుని కళ్ళు తుడుచుకుంటన్నారు."

సమాధి అయ్యాక మా క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక పెట్టుకుంటాం. ఆ కూడిక ఫ్యాక్టరీ ఆవరణలోనే పెడతానని, భోజనాలు కూడా తనవేనని రాజుగారు కబురంపారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కూడా వస్తారట.

కబురు తెచ్చిన అబ్బులు చర్చి వరండాలో అందర్నీ పోగుచేశాడు.

"దానం ఆవేళ కల్లు పుచ్చుకున్నాడు. రేకు తనే ఊడదీసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారడిగితే అంతే చెప్పాలి, తెలిసిందా? సోమారం నించి దానం చోట్లో కాంతమ్మ నిలబడద్ది. పర్మినెంటు."

కాంతమ్మ మా అమ్మ.

అబ్బులు వెళ్ళగానే గొడవ మొదలైంది.

"చచ్చినోడు ఎలాగా తిరిగి రాడు. బతికినోళ్ళకి పనుండాలి కదా?" అన్నాడు షెడ్డులో అమ్మతో పనిచేసే బుల్లిరాజు.

"అయితే నువ్వెళ్ళి నిలబడరా ఆ మిషను కాడ!" అంది పిన్ని.

అక్కడే పీచు కట్టలు కట్టే సాలమోను తాత చుట్ట పక్కన పెట్టాడు. "ఎలక్కి ఎండుచేప పెట్టేది జాలితో కాదురా. బోను తలుపు ఎక్కడుందో అది చూసుకోండి."

ఎవరి మాట ఎవరు అబ్బులుకి మోస్తారోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంటికి వచ్చాక అమ్మకి కొత్త బోల్టుల సంగతి చెప్పాను.

"ఎవరితోనూ అనకు," అంది అమ్మ. ఆ రాత్రి అన్నం కలిపి, తినకుండా ఆ చేతిని చూసుకుంటూ కూర్చుంది.

కూడికకి షామియానా వేశారు. రాజుగారి పక్క కుర్చీలో ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. పాట, ప్రార్థన అయ్యాక రాజుగారు లేచి, "దానం మా ఇంట్లో మనిషి. పాపం, ఆ రోజు కాస్త పుచ్చుకున్నాడు, రేకు తీసేసుకున్నాడు," అని రుమాలు తీశారు. వంటవాళ్ళకి విస్తళ్ళు వెయ్యమని సైగ చేశారు.

అక్కడే ఆయన పొరబడ్డారు. మా కూడిక యజమాని మాటతో ముగియదని ఆయనకి తెలియదు. పోయిన మనిషి గురించి తెలిసిన ప్రతివాళ్ళూ లేచి చెబుతారు. లేచినవాళ్ళని ఎవరూ ఆపకూడదు.

"దానం గురించి చెప్పేవాళ్ళెవరండీ?" అన్నారు కృపారావు పాస్టరు గారు.

పిన్ని లేచింది. "మా ఆయన కల్లు ముట్టుకోడండి. రేకు ఆయన తియ్యలేదండి," అని చెప్పి కూర్చుంది.

నేను నలుగురిలో నోరు పెగలనిదాన్ని. అయినా లేచాను. "బాబాయి పోయినప్పుడు రేకు గోడకి ఆనించి ఉందండి. సాయంత్రం మిషను మీద ఉంది. కొత్త బోల్టులండి. నేను చూశాను."

"చిన్నపిల్లండీ, దానికేం తెలుసు!" అబ్బులు అరిచాడు.

"పెద్దదాన్ని నేను చెబుతున్నాను," అంటూ అమ్మ లేచింది. "నెల్లాళ్ళ నించి రేకు లేదండి. ఊడదీయించింది ఈ అబ్బులే. సోమారం నేనక్కడ నిలబడనండి."

"నేనూ నిలబడను," అని తాత లేచాడు. ఆ వెనకే బుల్లిరాజు. ఆ తర్వాత లేచినవాళ్ళని లెక్కపెట్టలేకపోయాను.

ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశారు. "సంతాప సభలో మాటలు నేను రాసుకోను. చెప్పుకునేదేమైనా ఉంటే అమలాపురం ఆఫీసుకి రండి."

"వత్తామండి," అన్నాడు తాత. విస్తళ్ళ ముందు ఒక్కరూ కూర్చోలేదు.

సోమవారం పొద్దున్న మిషను దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. నలభై మందిమి బస్సెక్కాం.

"పెళ్ళివారా?" అన్నాడు కండక్టరు.

"ఆయ్, ఇన్‌స్పెక్టరాఫీసులో ఉన్న పెళ్ళికొడుకు కోసవే ఎల్తన్నాం. దొరికితే ఒదలం," అంది అమ్మ.

ఆఫీసు గుమ్మంలో గుమాస్తా చేతులు అడ్డం పెట్టాడు. "ఇంతమందా? ఒక్కరు లోపలికి రండి. మిగతావాళ్ళు బయట ఉండండి."

సరోజిని పిన్ని అతని చెయ్యి మెల్లగా పక్కకి తీసింది.

"ఒక్కడే ఎల్లేడు కదండీ మొన్న, మిషన్లోకి. ఇంక అందరం వత్తాం."

బల్లలు చాలలేదు. కింద కూర్చున్నాం. ప్రతివాళ్ళూ తమ మాట రాసుకోమని పట్టుబడితే ఇన్‌స్పెక్టరు గుమాస్తాని రాయమన్నారు. సాయంత్రం మమ్మల్ని వెళ్ళగొట్టడానికి బయట పోలీసు జీపు వచ్చి ఆగింది. అప్పటికి గుమాస్తా పదిహేడో మనిషి మాట రాస్తున్నాడు. పద్దెనిమిదో మనిషి లేచి నిలబడింది.