చక్కెర కలపలేదు

లేబుళ్ళ యంత్రం పొద్దున్నే మొరాయించింది. రెండువేల వైను సీసాలకు చేత్తోనే అంటించమన్నారు. మధ్యాహ్నానికి ఆమె వేళ్ళు జిగురుతో అట్టకట్టాయి. అప్పుడు పిలిపించాడు మేనేజరు.

బల్ల మీద రెండు లేబుళ్ళున్నాయి. రెండింటి మీదా ‘చక్కెర కలపలేదు’ అని పెద్ద అక్షరాలు. కొత్తదాని అడుగున మాత్రం ‘పాకం ఉండవచ్చు’ అని, భూతద్దం ఉంటే తప్ప కనబడనంత చిన్నగా.

“మీ ఆడపడుచు వేసిన కేసు రేపేనమ్మా. ఈ చిన్న అక్షరాలు మొదట్నుంచీ ఉన్నాయని కోర్టులో సాక్ష్యం చెప్పు, చాలు.”

“కేసు పడ్డాకే కదా సార్ వచ్చాయి?”

మేనేజరు నవ్వాడు. “స్టాఫుకిచ్చే సీసాలు ఎవరెవరు తీసుకెళ్ళారో మా దగ్గర రాసుందమ్మా. మీ ఆయనకు తాగడానికి తెచ్చిచ్చిందెవరో మీ ఆడపడుచుకు తెలుసా?”

ఆమె మళ్ళీ సీసాల దగ్గరికి వెళ్ళింది.

భర్త పోయి ఏడాదిన్నర. షుగరు ముదిరి ముందు కాలివేలు తీశారు, తర్వాత కాలు. ఆ తర్వాత మనిషే మిగల్లేదు. చదువు రానివాడు. సీసా చేతికివ్వగానే “ఏం రాసుందే?” అని అడిగేవాడు. ఆమె చదివి వినిపించేది. ఇప్పుడు లేబులు అంటించిన ప్రతిసారీ ఆ గొంతు అడుగుతూనే ఉంది. ఆమె పెదవులు తెలియకుండానే జవాబు చెబుతున్నాయి. పక్కన పనిచేసే ఆడవాళ్ళు జపం అనుకుంటున్నారు.

మర్నాడు కోర్టులో కంపెనీ వకీలు కొత్త లేబులు చూపించాడు. “ఈ అక్షరాలు అప్పుడూ ఉన్నాయి కదమ్మా?”

“లేవండి.”

వకీలు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు జేబులోంచి ఒక కాగితం తీశాడు. అది వకీలు చేతికి అందేలోపే ఆమె గబగబా అంది. “ఆ సీసాలు ఇంటికి తెచ్చింది నేనే. చక్కెర లేదని ఆయనకు చదివి చెప్పిందీ నేనే. రాసుకోండి.”

వెనక బెంచీలో ఆడపడుచు లేచి నిలబడింది. తమ్ముణ్ణి చేతులమీద పెంచిన మనిషి. సాక్ష్యం ముగించి ఆమె బయటికి వచ్చేసరికి వదిన వరండాలో ఎదురైంది.

“లోపల ఏం కలుపుతున్నారో నీకప్పుడే తెలుసా?”

“పాకం డబ్బాలు లారీలోంచి దిగడం రోజూ చూసేదాన్నొదినా. అవెందుకని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు.”

వదిన పక్కకు జరిగి దారివ్వలేదు. వెళ్ళిపోనూ లేదు.