సొంత ఇష్టంతోనే

వరండాలో కూర్చున్న పంచాయతీ సమితి మెంబర్లకు రాధాబాయి కూర కోసం ఉల్లిగడ్డలు కోస్తోంది. రేపే శాసనమండలి ఉప ఎన్నిక. ఓట్లు ఈ మెంబర్లవి, నిలబడ్డది ఆమె భర్త రాజేశ్వర్.

"సీటు దానంతటదే ఖాళీ అయింది గద పటేలా! నసీబంటే నీదే," అన్నాడు మెంబరు ఆత్మారాం, రాజేశ్వర్‌తో. అందరూ నవ్వారు. ఆ సీటులో రెండేళ్లు కూర్చున్న మనిషి గోడకివతల కత్తిపీట ముందు ఉంది.

అసెంబ్లీకి ఓడిపోయిన ఏడాది రాజేశ్వరే ఆమెను మండలికి నిలబెట్టాడు. "పేరు నీది, పెత్తనం నాది," అన్నాడు. ఆమె అలాగే ఉంది, ఒక్కరోజు తప్ప. ఆ రోజు సభలో లేచి, బోధన్ చెరుకు తోటల్లో కోతకొచ్చే బాలింతలకు గట్టున ఇంత నీడ వేయించమని అడిగింది. ఆమె చేత ఆ మాట అడిగించింది కోతకూలి సాయవ్వ పసిబిడ్డ చావు. వీళ్ల తోటలోనే, ఎండలో, చెరుకాకు మీద పడుకోబెట్టిన పసిది మళ్లీ లేవలేదు.

"మన తోట ముచ్చట పట్నంల జెప్తవా? నా ఇజ్జత్ దీస్తివి. కూసున్నది సాలు, దిగు," అన్నాడు రాజేశ్వర్. రాజీనామా ఆయనే రాశాడు. ఆమె సంతకం పెట్టింది.

హైదరాబాదులో మండలి అధ్యక్షుడు భర్తను బయటే కూర్చోబెట్టి, ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. "ఎవరి ఒత్తిడీ లేదు కదమ్మా? మీ సొంత ఇష్టంతోనే రాశారా?"

పెళ్లికి గానీ, కాన్పులకు గానీ, చివరికి పొయ్యి మీద ఏం పెట్టాలన్నదానికి గానీ, ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. అడిగితే ఎలా ఉంటుందో అని చిన్నప్పుడు అనుకునేది. తీరా అడిగిననాడు, ప్రశ్న పూర్తిగా చెవిన పడకముందే నోరు తనకు తెలిసిన జవాబే చెప్పేసింది. "నా ఇష్టంతోనే." భయం వల్ల అయితే తనను తాను క్షమించుకునేది. భయం కాదు, అలవాటు.

ఇప్పుడు వంటకు సాయమొచ్చి పక్కనే కారం నూరుతున్న సాయవ్వ తల ఎత్తింది. "అక్కా, మల్ల పట్నం ఎన్నడు వోతవ్? మా నీడ ముచ్చట ఏడిదాంక వచ్చె?"

రాధాబాయి కళ్లు తుడుచుకుంది.

"ఉల్లిగడ్డ మస్తు ఘాటున్నది," అంది సాయవ్వే, జాలిగా.

మరునాడు జీపులో మెంబర్ల మధ్య ఇరుక్కుని ఆమె కూడా బోధన్ వెళ్లింది. సమితిలో మహిళా మెంబరుగా ఆమెకూ ఓటుంది. రాజేశ్వర్ దాన్ని ఎప్పుడో తన లెక్కలో కలుపుకున్నాడు. తెర వెనక కాగితం మీద రెండు పేర్లు. ఇద్దరివీ చెరుకు తోటలే. నచ్చిన పేరు ముందు ఒకటి అంకె వేయాలి. పెన్సిలు పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. సాయవ్వ అడిగినది ఆ కాగితం మీద ఎక్కడా లేదు. పెన్సిలు కింద పెట్టి, ఏమీ రాయని కాగితాన్ని మడిచి పెట్టెలో వేసింది.

బయట రాజేశ్వర్ నలుగురి ముందూ నవ్వుతూ అడిగాడు. "ఏసినవానే?"

"ఏసిన. నా ఇష్టంతోనే."

మొదటిసారి ఆ మాట అబద్ధం. ఈసారి నిజం. ఎవరికి వేశావని మాత్రం ఆయన అడగలేదు. అడగవలసిన మాట ఒకటుందని ఆయనకు తోచలేదు.