అరికాలి కింద అనుమానం

నేను ఒక భూతద్దాన్ని. పేరులోనే భూతం ఉంది కాబట్టి నన్ను చూసి ఎవరూ ముచ్చటపడరు. ఎవడైనా చిన్న మాటను పట్టుకుని లాగితే, "ప్రతిదీ భూతద్దంలో చూడకు" అని తిడతారు. ఉన్నదాన్ని వివరంగా చూపించడం నా నేరమైంది. పోనీయండి. అనుమానం నా పుట్టుకలోనే ఉంది. ఎవరు ఏం చెప్పినా నమ్మను, దగ్గరికి తెచ్చి చూపించమంటాను.

నాలో ఇంకో వంకర కూడా ఉంది. దూరంగా ఉన్నవాళ్లు నాకు తలకిందులుగా కనిపిస్తారు. తలలు కింద, పాదాలు పైన. అందుకని మనుషుల ముఖాల కంటే ముందు వాళ్ల నడకే నా కంట్లో పడుతుంది.

పుట్టింది జర్మనీలో, అద్దాలు సానబట్టే చిన్న కార్ఖానాలో. ఇసకను కరిగించి, బిళ్లగా పోసి, మెత్తని పొడితో రుద్ది రుద్ది నా నడుము ఉబ్బేలా చేశారు. చుట్టూ ఇత్తడి అంచు తొడిగి నల్లకొయ్య పిడి బిగించారు. నన్ను కొన్న మొదటి మనిషి ఆస్ట్రేలియా ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో చర్మవైద్యుడు. కాలిన్స్ దొర అనుకోండి.

అక్కడి ఎండ మన రోహిణి కార్తె ఎండకేమీ తీసిపోదు. ఆ ఎండలో జనం పనిగట్టుకుని వచ్చి ఇసక మీద వడియాల్లా పరుచుకుని ఎండేవాళ్లు. వాళ్ల తాతముత్తాతలు మబ్బుల దేశాల నుంచి వచ్చారు. మబ్బు దేశపు తోలు తొడుక్కుని మండే దేశానికి కాపరానికొస్తే సూర్యుడు ఊరుకుంటాడా? వీపుల మీద, భుజాల మీద, పిక్కల మీద మచ్చలు లేపాడు. అన్నీ చెడ్డవి కావు. కొన్ని మాత్రం మెలనోమా. చూడ్డానికి పుట్టుమచ్చలా ఉండి, లోపల వేళ్లు దించుకునే క్యాన్సర్. లోకంలో ఆ జబ్బు బాగా ఎక్కువగా కనిపించే చోట్లలో అదొకటి. అందుకే అక్కడ మచ్చను అనుమానించడం బడిపిల్లలకు కూడా నేర్పుతారు. భార్య వీపు భర్త, భర్త వీపు భార్య వెతుక్కుంటారు. అంత అనుమానంతో నడిచే కాపురాలు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ దేశం నాకు బాగా నచ్చింది.

ఆ దొర దగ్గరికి శిక్షణ కోసం వచ్చిన తెలుగు డాక్టరు వకుళ. ఒంగోలు వైపు మనిషి. ఆవిడ తిరుగు ప్రయాణమయ్యే రోజున దొర నన్ను ఆవిడ చేతిలో పెట్టి నవ్వాడు. "నీకిది పెద్దగా పనికిరాదేమో. మీ వాళ్ల చర్మమే మా వాళ్లకీ ఉండుంటే నేను ఏ చేపల వ్యాపారమో చేసుకునేవాణ్ణి" అన్నాడు.

అలా నేను ఈ గడ్డ మీదికొచ్చాను. రాగానే ఒక వింత చూశాను. అక్కడ తెల్లగా ఉన్నవాళ్లు నల్లబడాలని ఎండలో పొర్లుతారు, ఇక్కడ నల్లగా ఉన్నవాళ్లు తెల్లబడాలని క్రీములు పూసుకుంటారు. తోళ్లు పంచేటప్పుడు దేవుడు ఎవరినీ సంప్రదించినట్టు లేదు.

వకుళ మంచి డాక్టరే. కానీ ఆవిడకు మన చర్మం మీద మహా ధీమా. "మన నలుపే మనకు గొడుగు. అక్కడితో పోలిస్తే మన దగ్గర ఆ జబ్బు చాలా అరుదు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేది. ఆ మాట అబద్ధం కాదు. కానీ నాకు నిద్రపట్టేది కాదు. గొడుగు ఎవరైనా తలకు పడతారు. కాలికి ఎవరు పడతారు? నల్లచర్మం ఉన్నవాళ్లకు ఆ జబ్బు వస్తే ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుందని ఆవిడ చదివిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. రాసిన చోటే వదిలేసి వచ్చింది.

నాకు ఇక్కడ తామర, గజ్జి, శోభి తప్ప వేరే పని లేదు. మిగతా వేళల్లో మందుబిళ్లల అట్టల మీది చీమతలకాయంత అక్షరాలు చదివిపెట్టేదాన్ని.

ప్రతి గురువారం వకుళ ఒక ఉప్పు పల్లెకు వెళ్లేది. సముద్రపు నీళ్లు మడుల్లో పెట్టి ఎండలో ఉప్పు తీసే ఊరు అది. మడి అడుగు గట్టిపడటానికి మనుషులు వరసకట్టి, వట్టికాళ్లతో గంటల తరబడి బురద తొక్కుతారు. చెప్పులతో తొక్కితే మడి చెడుతుందంటారు. ఆ మడుల పక్కనున్న రేకుల షెడ్డే మా ఆస్పత్రి.

అక్కడికొచ్చింది మస్తానమ్మ. మడి తొక్కడంలో ఆ ఊరికే పెద్ద చెయ్యి, కాదు, పెద్ద కాలు. నడివయసు మనిషి, నోరు చురుకు. చెంప మీద తెల్లపొడ చూపించడానికి వచ్చింది. బల్ల మీద పడుకున్న నాకు ఆవిడ గుమ్మంలో ఉండగానే తలకిందులుగా కనిపించింది. ఎడమ మడమ నేలకు ఆనడం లేదు. ముని పాదం మీద నడుస్తోంది.

వకుళ నాతో చెంప చూసి, "ఇది భయపడేది కాదు, పూతమందు ఇస్తాను. ఆ కుంటుడేంటి?" అంది.

"ఆనెకాయమ్మా. జీడి పెట్టించా. నల్లబడింది. తగ్గుద్దిలే."

జీడి పెట్టించడమంటే, నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం సెగ చూపించి, కారే చమురు చుక్కను ఆనె మీద వేయించుకోవడం. చర్మం కాలి నల్లమచ్చ పడుతుంది. ఆ ఊళ్లో కాలికి ఏమొచ్చినా అదే వైద్యం. అందుకని ఆ ఊళ్లో అరికాలి నలుపును ఎవరూ అనుమానించరు.

"చూపించు ఒకసారి" అంది వకుళ.

మస్తానమ్మ కాళ్లు చీర కుచ్చెళ్లలోకి లాక్కుంది. "మీకు అరికాలు చూపియ్యాలా? నా కళ్లు పోతయ్. చదువుకున్న తల్లి మొహాన కాలు పెట్టిందంటే ఊళ్లో నా మొహాన ఉమ్మేస్తారు."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. వకుళ కూడా నవ్వి పూతమందు రాసిచ్చింది. నేను మాత్రం నవ్వలేదు. ఆస్ట్రేలియాలో మనుషులు చొక్కా విప్పమంటే విప్పేవాళ్లు. ఇక్కడ ఒంటి మీది బట్టల కంటే మర్యాదే మందం, అందునా వట్టి పాదం మీద.

వానలు పడి, ఆగి, మళ్లీ మడులు తొక్కే రోజులొచ్చాయి. ఒక గురువారం మస్తానమ్మ పొడ తగ్గిందని చూపించడానికి మడి నుంచి అటే వచ్చింది. బురద కాళ్లు. షెడ్డు సిమెంటు నేల మీద గుమ్మం నుంచి బెంచీ దాకా అడుగులు పడ్డాయి. కుడి పాదం గుర్తులు నిండుగా ఉన్నాయి. ఎడమవాటికి మడమల్లేవు. రెండు మూడు చోట్ల బురదలో ఎర్రటి జీర కూడా ఉంది.

వకుళ ఆ అడుగుల వంకే చూస్తూ ఉండిపోయింది. మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఆ ఆనె ఇంకా తగ్గలేదా?"

"మళ్లీ పెట్టించా జీడి. మొండిది. పెరుగుతా ఉంది."

"జీడి మచ్చ పొక్కు కట్టి ఊడిపోవాలి మస్తానమ్మా. పెరగదు."

పరీక్షలో వదిలేసి వచ్చిన వాక్యం ఆవిడకు అప్పుడు గుర్తొచ్చిందని నాకు తెలుసు. నన్ను చేతిలోకి తీసుకుంది. కాలు చూపించమంది. మస్తానమ్మ వద్దంది. పట్టుబడితే లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి మొగుణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఏడుకొండలు, ఉప్పు బస్తాలు ఎత్తే మనిషి. వెనక ఇంకో నలుగురు.

"ఏందమ్మా, మా ఆడమనిషి కాళ్లెందుకు మీకు?" అన్నాడు ఏడుకొండలు.

వకుళ దాచకుండా చెప్పింది. "క్యాన్సరేమోనని అనుమానం. అవునో కాదో చూస్తేనే తెలుస్తుంది. అయితే తొందరగా తీసేయాలి. ఆలస్యమైతే ఒంట్లోకి పాకుతుంది, ప్రాణం మీదికొస్తుంది."

"ఏం జబ్బది?"

"మెలనోమా. తెల్లవాళ్లలో ఎక్కువ. మనలో తక్కువ, కానీ లేకపోలేదు."

ఏడుకొండలు చూపు నా మీదికొచ్చింది. ఆ చూపు చూస్తే నాకే తోడుదొంగ దొరికినట్టనిపించింది. నన్ను మించిన అనుమానం.

"ఈ అద్దం యాడిది?"

"ఆస్ట్రేలియా నుంచి తెచ్చాను."

"ఆ జబ్బోళ్ల ఒంటి మీద పెట్టిందేగా?"

"పెట్టిందే. కానీ..." అంది వకుళ.

"అదీ సంగతి! చూశార్రా? మన ఊళ్లో లేని జబ్బు ఈ అద్దంలో వచ్చింది. పోయిన తడవ మావోళ్ల చెంప మీద పెట్టింది, ఇప్పుడు కాళ్లలోకి దిగింది. ఇంకొకళ్లకి పెడితే ఊరంతా పాకుద్ది."

వెనకాల నలుగురూ రెండడుగులు వెనక్కి వేశారు. నా బతుకులో నన్ను చూసి భయపడినవాళ్లు వాళ్లే. అవమానమే అయినా, నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా కలిగింది.

"ఇది అంటుకునేది కాదు. అద్దంతో రాదు. మడమ ఆనకుండా నడవడం చెంప చూపించడానికి ముందు నుంచే ఉందిగా? అడుగు నీ భార్యను."

మస్తానమ్మ తల వంచుకుంది. "అదైతే నిజమేనయ్యో. చెంప మీద పొడ కంటే ముందే, పోయిన మడుల కాలం నుంచి ఉంది."

"నాకు చెప్పలేదే?"

"ఏం చెప్పేది? బురద తొక్కే కాలుకి మచ్చొచ్చిందని చాటింపు వెయ్యనా?"

వకుళ కుర్చీ పక్కకు జరిపి నేల మీద కూర్చుంది. ఎవరూ అనుకోలేదు. తన కుడికాలు చాపి, అరికాలి మీద నన్ను పెట్టి, మస్తానమ్మ వైపు తిరిగింది. "ముందు నువ్వు నాది చూడు. అంటుకునేదైతే నాకంటుకోనీ."

మస్తానమ్మ బెదురుతూ వంగి చూసింది. "అయ్యో, పూరీలాగుందమ్మా మీ కాలు. మడిలో దిగితే పూటకే చిల్లులు పడుద్ది."

అందరూ నవ్వారు. ఏడుకొండలు నవ్వలేదు గానీ వెనక్కి కూడా పోలేదు.

"నాకు చూపించడం నీకు తప్పయితే, నీ మొగుడికి చూపించు" అంది వకుళ, నన్ను ఏడుకొండలు చేతికిస్తూ.

ఇది ఇంకా పెద్ద చిక్కు. భార్య కాలు భర్త పట్టుకోవడమా! నలుగురి ముందా! మస్తానమ్మ, "ఛీ ఛీ, పాపం" అంది. వెనకాల ఎవడో, "కాళ్లు పిసకరా కొండలూ, అలవాటు చేసుకో" అని ఎగతాళి చేశాడు.

ఏడుకొండలు వాడి వంక గుర్రుగా చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "పెళ్లిలో మెట్టెలు తొడిగినప్పుడు పట్టుకున్నా గదే. అప్పుడు పాపం కానిది ఇప్పుడెట్టా అయింది?" అని భార్య పాదం ఒళ్లోకి తీసుకున్నాడు.

అప్పుడు కూడా పైవైపే చూసి ఉంటాడు. మెట్టెలు తొడిగేవాడికి అరికాలితో పనేముంది?

ఉప్పు బస్తాలెత్తే ఆ చెయ్యి నన్ను కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంది. మొదట దూరంగా పెట్టాడు. తర్వాత దగ్గరికి తెచ్చాడు. నేను చూపించాల్సింది చూపించాను. రూపాయి బిళ్లకు మించిన మచ్చ. ఒక పక్క బొగ్గు నలుపు, ఒక పక్క గోధుమరంగు, మధ్యలో నీలం. అంచులు తిన్నగా లేవు, తడి కాగితం మీద సిరా పాకినట్టు పాకాయి. ఒక మూల చిట్లి నెత్తురు చెమ్మ ఉంది. అలాంటి మచ్చలు నేను ఆస్ట్రేలియాలో వీపుల మీద చూశాను. ఇంత పెద్దయ్యేదాకా అక్కడ ఎవరూ ఆగలేదు.

ఏడుకొండలు చాలాసేపు చూశాడు. వెనకాల నవ్వులు ఆగిపోయాయి. అతను తల ఎత్తాడు.

"దీంతోనే తొక్కినావటే ఇన్నాళ్లు?"

మస్తానమ్మ పాదం అతని ఒళ్లోంచి తీసుకోలేదు.

పట్నం పెద్దాస్పత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. వకుళ అనుమానమే నిజమైంది. మడమ దగ్గర లోతుగా కోసి తీసేసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికించారు. గజ్జల్లో గ్రంథులు చూసి, ఇప్పటికైతే పాకిన జాడ లేదన్నారు. 'ఇప్పటికైతే' అన్న మాట నాకు నచ్చలేదు. ఏడుకొండలుకూ నచ్చలేదు. "మళ్లీ రాదని రాసిస్తారా?" అని అడిగాడట. ఎవరూ రాసివ్వలేదు. కొన్నాళ్లకోసారి వచ్చి చూపించుకుంటూ ఉండాలన్నారు.

అప్పటి నుంచి వకుళ గొడుగు మాట ఎత్తడం మానేసింది. ఎవరొచ్చినా, "ముందు కాళ్లు" అంటుంది. ఇక్కడ తక్కువన్నది నిజమే. కానీ జీడి చుక్కల కింద కాలిపోయి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయినవి ఎన్నో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. 'లేదు' అనే మాటను ఎవరైనా గట్టిగా అంటే, అసలు చూశారా అని అడగబుద్ధవుతుంది.

నన్ను ఆవిడ ఆ షెడ్డులోనే వదిలేసింది. కాళ్లు కడుక్కునే కుళాయి పక్కన మేకుకు తాడుతో వేలాడుతున్నాను. ఉప్పుగాలికి ఇత్తడి అంచు పచ్చబడింది, పిడి నెర్రెలిచ్చింది. తూకానికేస్తే కూడా ఎవడూ తీసుకోడు. కానీ పని ఎక్కువైంది. ఇప్పుడు ఆ ఊళ్లో వదినలు మరదళ్ల అరికాళ్లు చూస్తారు, మొగుళ్లు పెళ్లాలవి చూస్తారు. ముళ్లు, పగుళ్లు, ఆనెలు అన్నింటినీ అనుమానిస్తారు. "ఇదేందిరా?" "బురద్రా బాబూ, కడుక్కో" అని పోట్లాడుకుంటారు.

మస్తానమ్మ మడి తొక్కడం మానేసి గట్టు మీద ఉప్పు పోగు చేస్తోంది, చెప్పులేసుకుని. సాయంత్రం ఏడుకొండలు వచ్చి, ఎవరున్నారో లేరో చూసుకోకుండా ఆవిడ కాలు ఒళ్లో పెట్టుకుని నన్ను అందుకుంటాడు.

"ఏం లేదులే" అంటుంది ఆవిడ.

"నువ్వు చెప్పబాక. నన్ను చూడనీ" అంటాడు.

చూసి, నన్ను మేకుకు తగిలించి వెళ్తారు. గట్టు మీద దూరమయ్యేకొద్దీ నాకు ఇద్దరూ తలకిందులవుతారు. నాలుగు పాదాలు ఆకాశం మీద నడుచుకుంటూ పోతాయి. నేను మిగతా మూడూ చూడను. ఆ ఎడమ మడమ నిండుగా ఆనుతోందా లేదా అని, మలుపు తిరిగేదాకా, దాని వంకే చూస్తాను.