నాలుగో కెనాల్

జాకియా చెయ్యి మంచిది కాదని జగ్గయ్యపేటలో పుట్టిన మాట, ఆమె నందిగామలో సొంత క్లినిక్ పెట్టుకున్నా వదలకుండా వెంట వచ్చింది. పళ్ళ డాక్టరుకు ఎంత చదువున్నా హస్తవాసి లేదంటే ఈ ప్రాంతంలో ఎవరూ ఆ కుర్చీ ఎక్కరు. ఆ మాట పుట్టించిన పుణ్యాత్ముడు డాక్టర్ హరిచరణ్.

జగ్గయ్యపేటలో ఆయన క్లినిక్‌లో ఆమె జూనియర్‌గా ఉన్నప్పుడు పెనుగంచిప్రోలు నుంచి సీతారావమ్మ అనే మిరప రైతు ఆటోలో వచ్చింది. పై దవడ పెద్ద పన్ను నొప్పి. ఆ పన్నుకు మూడు వేర్లు ఉంటాయి గానీ, బుగ్గవైపు ముందున్న వేరులో చాలామందికి రెండు కెనాల్స్, అంటే నరం నడిచే సన్నటి దారులు, ఉంటాయి; మొత్తం నాలుగన్నమాట. రెండోది వెంట్రుకంత సన్నగా, చిన్న గట్టు కింద నక్కి ఉంటుంది. జాకియాకు దాని మొదలు దొరికింది. లోపలిదాకా శుభ్రం చెయ్యాలంటే ఇంకో సిట్టింగ్ కావాలంది.

"ఆటోల్లో వచ్చేవాళ్ళు రెండోసారి రారు. పై పన్నుకు మూడే. మూసెయ్," అన్నాడు హరిచరణ్. ఆమె వెనకాడితే తనే మూసి క్యాప్ పెట్టేశాడు.

కొన్నాళ్ళకు ఆ వదిలేసిన కెనాల్లో చీము పట్టి సీతారావమ్మ బుగ్గ బూరెలా ఉబ్బింది. హాలు నిండా జనం ఉండగా హరిచరణ్ జాకియాను వేలెత్తి చూపించి, "ఈ అమ్మాయి చెయ్యి పడిందమ్మా, అందుకే," అన్నాడు. పన్ను పీకేశాడు, జాకియాను ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆ అవమానం ఆమె మరవలేదు. పోనిద్దూ అని ఇంట్లోవాళ్ళు చెప్పిన మాటలు ఒక్కటీ చెవికెక్కలేదు.

ఇప్పుడదే హరిచరణ్ మొహానికి మాస్కు కట్టుకుని, దవడ పట్టుకుని ఆమె హాల్లో కూర్చున్నాడు. కొత్త జూనియర్ చేత, తన పద్ధతిలోనే, మూడు కెనాల్స్‌తో సరిపెట్టించుకున్న పై పన్ను తిరగబెట్టింది. విజయవాడ వెళ్ళొచ్చు. కానీ పై పన్నుకు మూడేనని అక్కడి డాక్టర్లతో మీటింగుల్లో వాదించినవాడు, ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

"కొంచెం చూడండి జాకియాగారూ," అన్నాడు. మొదటిసారి గారు తగిలించాడు.

ఆమె వరసలో ఉన్నవాళ్ళందరూ అయ్యాకే పిలిచింది. మత్తిచ్చి, పాత ఫిల్లింగ్ తీసి, మైక్రోస్కోప్ కింద గట్టును కాస్త చెక్కగానే సన్నటి చుక్క బయటపడింది. తెర ఆయన వైపు తిప్పింది.

"మీరు లేదన్నది ఇదే సార్. చీము అంతా ఇక్కడినుంచే."

నోరు తెరిచి పడుకున్న హరిచరణ్ కళ్ళు మూసుకున్నాడు. జాకియా ప్రాణం లేచొచ్చింది. లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసింది.

"ఇవాళే పూర్తి చేసెయ్యండి," అని బతిమాలాడు.

"కుదరదు. రెండో సిట్టింగ్‌కి రండి. వచ్చేటప్పుడు సీతారావమ్మగారిని మీ కార్లో తీసుకురండి. ఆవిడ పన్ను ఎవరివల్ల పోయిందో నా హాల్లో మీ నోటితో చెప్పండి. లేదంటారా, తెర మీది ఈ ఫోటో ఇస్తా, విజయవాడ పోయి చూపించుకోండి."

అలా బెదిరించడం డాక్టరు చెయ్యాల్సిన పని కాదని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

డాక్టర్ల ముందు తల దించుకోవడం కన్నా ఒక పల్లెటూరి మనిషి ముందు నాలుగు ముక్కలు అనెయ్యడం నయం అనుకున్నాడు హరిచరణ్. ఎవరి చెయ్యి మంచిదో తేల్చేది డాక్టర్లు కాదని, ఆటోల్లో వచ్చే ఆ జనమేనని ఆ మహానుభావుడికి తట్టలేదు.

మరుసటి వారం సీతారావమ్మను తీసుకొచ్చాడు. హాల్లో నిలబడి ఏదో గొణిగాడు.

"గట్టిగా సార్," అంది జాకియా.

"పని సగంలో ఉండగా నీ పన్ను నేనే మూసేశానమ్మా. ఈవిడ వద్దంది. ఈవిడ తప్పేం లేదు."

సీతారావమ్మ ఆయన మీదికి ఒక అడుగు వేసింది.

"నా పన్ను పోగొట్టింది నువ్వా! ఈ పిల్లని ఊరంతా తిట్టించానే! అమ్మా తల్లీ, నా నోరు పడిపోను!" అని జాకియా చేతులు పట్టుకుంది. ఆ వెంటనే ఫోన్ తీసి తమ ఊరి ఆటో డ్రైవర్‌కి కలిపింది.

"ఒరే హారూనూ, పంటినొప్పని ఎవరెక్కినా పేటలో ఆ హరిచరణ్ దగ్గరికి తీసకపోబాక. నందిగామ తోలుకురా. నీ స్టాండులో అందరికీ చెప్పు. ఆ, నేను చెప్పాననే చెప్పు!"

హరిచరణ్ గుమ్మం వైపు అడుగేశాడు గానీ పన్ను సలిపి ఆగిపోయాడు.

"రండి సార్," అంది జాకియా, కుర్చీ చూపిస్తూ.

ఆమె ఆ పన్నును నాలుగు కెనాల్స్‌తో సహా శుభ్రంగా పూర్తి చేసింది. ఆయన క్లినిక్‌ను బతికించాల్సిన పని మాత్రం ఆమెకు లేదు.